ముందు ఆ ‘నవ్వుల రారాజు’ని కొట్టెయ్

అమ్మాయీ,

కమెడియన్ ఎమ్మెస్ నారాయణ గారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసింది. మొదటి పేజీలోనే ‘నవ్వుల రారాజు’, ‘హాస్యపు జల్లు’, ‘కడుపుబ్బ నవ్వించిన’ అని వరసగా తగిలించావు. నాకు మాత్రం ఒక్కచోటా నవ్వు రాలేదు. పప్పులో ఉప్పు వెయ్యకుండా, ‘వేశాను, తినండి’ అన్నట్టుంది.

తప్పంతా నీది కాదులే. కుర్రతనంలో నేను పాతతరం కమెడియన్ పద్మనాభం గారి మీద రాస్తే, ఒక ఆదివారం అనుబంధం చూసే పెద్దమనిషి దానికి ‘నవ్వుల నావ’ అని శీర్షిక పెట్టి, 1969లో ఆయన ‘శ్రీరామకథ’కి దర్శకత్వం చేసిన సంగతున్న పేరా మొత్తం కోసేశాడు. చోటు లేదట! కమెడియన్ రాయడం, తియ్యడం కూడా ఒక వార్తేనా అని వాళ్ళ లెక్క.

నువ్వూ అదే లెక్కలో పడ్డావు. ‘భీమవరంలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి, రచయితగా సినిమాల్లోకి వచ్చారు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు మనిషి ఉన్నది అక్కడే. 1997లో ‘మా నాన్నకు పెళ్లి’లో తాగుబోతు వేషం పేలాక అందరూ ఆయన దగ్గరికి అదే వేషం పట్టుకొచ్చారు. కాళ్ళతో తూలడం ఎవరైనా చేస్తారు. ఆయన మాటతో తూలేవారు. వాక్యం మొదలుపెట్టి, సగం మింగి, మనం ఏ మాట కోసం చెవి రిక్కిస్తామో సరిగ్గా దాని ముందు ఆగేవారు. ఎక్కడ విరిస్తే వాక్యం కుంటుతుందో తెలియాలంటే ముందు దాని నడక తెలియాలి. అది తెలుగు మాస్టారి తాగుడు. నువ్వు రాయాల్సింది దాని గురించి.

నేనూ ఒకప్పుడు ఒక సినిమాకి కామెడీ ట్రాక్ రాశాను, పదకొండు సీన్లు. సెట్‌లో కమెడియన్ కాగితం చూసుకుని, నా మూడు లైన్లు కొట్టేసి, ‘ఏంటీ?’ అన్న ఒక్క మాట పెట్టుకున్నాడు. లైట్‌బాయ్‌లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తెర మీద రచయితల జాబితాలో నా పేరూ లేదు, మార్చిన పాపానికి అతని పేరూ లేదు. నాకు రావాల్సిన సగం డబ్బు ఇంకా రాలేదనుకో, అది వేరే కథ. అప్పట్నుంచీ ఏ కమెడియన్‌ని చూసినా, ఇతను సెట్‌లో ఏం కొట్టేసి ఉంటాడా అని ఆలోచిస్తాను.

‘దర్శకుడిగా రాణించలేకపోయారు’ అన్నావు. 2004లో తన అబ్బాయినే హీరోగా పెట్టి ‘కొడుకు’ తీశారు, 2007లో ‘భజంత్రీలు’. ఆడలేదు, నిజమే. కానీ 2011 ‘దూకుడు’లో ఆయన వేసిన బొక్కా వెంకట్రావుని ఆ రెండిటి పక్కన పెట్టి చూడు. హీరో కావాలని తపించే ఆ పెద్దాయన్ని చూసి హాలంతా పగలబడి నవ్వుతుంటే నాకు ఎక్కడో కలుక్కుమంది. సినిమా కోరిక మనిషిని ఎంతదూరం లాక్కెళ్తుందో తెలిసినవాడు వేసిన వేషంలా అనిపించింది. ఇది నా ఊహే కావచ్చు. నీ వ్యాసంలో అలాంటి ఊహ ఒక్కటైనా లేదు.

చివర్లో ఏవీఎస్, ధర్మవరపు, భరణి అంటూ ఇచ్చిన నటుల జాబితా తీసెయ్. ఉంచితే ఏవీఎస్ గారిని ఉంచు. ‘మిస్టర్ పెళ్లాం’లో ఆయన నోట్లో ‘తృప్తి’ కాస్తా ‘తుత్తి’ అయింది. ఒక్క మాట నలిగితే ఊరంతా దాన్నే పట్టుకుంది.

రెండోసారి చదువుతుంటే ఐదో పేజీలో ఆగిపోయాను. మీ నాన్నగారు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, చెయ్యి ఎండిపోయేదాకా ఎమ్మెస్ గారి సీన్లు చూసేవారని రాశావు. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆయన ఏ సీన్‌కి నవ్వేవారో మాత్రం రాయలేదు. అడిగి, ఆయన ఎలా చెప్తే అలాగే రాసి పంపు.