సింధూ, వానపాము మీద నింద వేయకు

చి. సింధూకి పిన్ని ఆశీస్సులు.

ఒసాకాలో రెండు ఎర్రపొట్ట న్యూట్లు (బల్లిలా కనిపించే, నీళ్లలో ఉండే ఉభయచరాలు) కొన్నావనీ, అందులో ఒకటి బ్లడ్‌వార్మ్స్ (దోమలాంటి ఈగల ఎర్రటి లార్వాలు) తప్ప ఏదీ ముట్టడం లేదనీ మీ అమ్మ చెప్పింది. ముచ్చటేసింది, భయమూ వేసింది. సరిగ్గా చూసుకుంటే 20 ఏళ్లకు పైగా బతికే ప్రాణులవి. పైగా ఇంట్లో బుడ్డోడున్నాడు.

తిండి మార్చే ముందు థర్మామీటర్ చూడు. నీళ్లు 22 డిగ్రీలు దాటకూడదు. 25 దాటాయంటే ఏం పెట్టినా మొహం తిప్పేస్తాయి. అది పేచీ కాదు, ఒంట్లో బాగోక. జూలై, ఆగస్టుల్లో అక్కడి ఉక్క తెలుసుగా, ఆఫీసుకెళ్తూ ఏసీ ఆపేశావో ఊరుకోను! కొత్త చోటుకి వచ్చిన పెద్ద న్యూట్ వారం పది రోజులు తినకపోయినా కంగారు పడకు.

ఇక అందరూ చేసే తప్పు. చేపల ఎర అమ్మే షాపులో చారల వానపాములు తెచ్చి, ముక్క కోసి వేస్తారు. న్యూట్ గబుక్కున అందుకుంటుంది, మరుక్షణం ఉమ్మేసి తల విదిలిస్తుంది. దాంతో ‘దీనికి వానపాములు పడవు’ అని తేల్చేసి మళ్లీ బ్లడ్‌వార్మ్స్‌కే పోతారు. పడనిది ముఖ్యంగా ఆ రకమే. ఐసీనియా ఫెటిడా అంటారు, మన ఊళ్లలో వర్మీకంపోస్టు తొట్లలో పెంచే రకాల్లో అదీ ఒకటి. పట్టుకున్నా, కోసినా పసుపుపచ్చని రసం వదులుతుంది. ఆ ఘాటుకే ఉమ్మేస్తాయి. బ్లడ్‌వార్మ్స్‌లో కాల్షియం తక్కువ. ఏళ్ల తరబడి అవే పెడితే పోషకాల లోటు తప్పదు. రోజూ ఆధారపడదగ్గ తిండి వానపామే.

అందుకని వీలైతే మందులు కొట్టని తోటలో ఆకుల కింద దొరికే మామూలు వానపాము తెచ్చుకో. తడి కాగితాల్లో ఒక రోజు ఉంచితే కడుపులో మట్టి పోతుంది. షాపు రకమే దిక్కయితే, మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీసి, ముక్కలు కోసి, రసం పోయేదాకా చల్లటి నీళ్లలో కడుగు. ముక్క న్యూట్ తల వెడల్పుకి మించకూడదు. ముందు రెండు మూడు రోజులు ఏమీ పెట్టకు. తర్వాత ఆ ముక్కల్ని గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వార్మ్ క్యూబు కరిగిన నీళ్లలో తడిపి, మొద్దు మొనల ప్లాస్టిక్ పటకారుతో మూతికి అంగుళం దూరంలో మెల్లగా కదుపు. ముందు కదలికను చూస్తుంది, తర్వాత వాసన పడుతుంది. మూతికి తగిలించి పొడవకు, బెదిరిపోతుంది. ఉమ్మేస్తే జాలిపడి వెంటనే బ్లడ్‌వార్మ్స్ వేయకు తల్లీ, రెండు రోజులాగి మళ్లీ ప్రయత్నించు. ఇనుప పటకారు వద్దు, నోరు కోసుకుంటుంది.

వానపాము అలవాటయ్యాక మిగతావి సులువు: డాఫ్నియా (నీటి ఈగలు), బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిట్టి రొయ్యలు), దోమ లార్వాలు, వారానికోసారి బ్లడ్‌వార్మ్స్. పెద్దవాటికి వారంలో రెండు మూడు పూటలు చాలు. రెండిటికీ వేర్వేరు మూలల్లో పెట్టు, లేకపోతే తిండనుకుని ఒకదాని కాలు ఇంకొకటి పట్టేస్తుంది. మురికినీటి ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు, రోగాలు తెస్తుంది. గోల్డ్‌ఫిష్ పిల్లలూ వద్దు, వాటిలో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. మాంసం ముక్కలు అసలే వద్దు. మిగిలిన తిండి రెండు మూడు గంటల్లో పిపెట్‌తో లాగేయి. కుళ్లితే అమ్మోనియా పెరిగి, ఉన్న ఆకలీ చస్తుంది.

వాటి చర్మంలో ఉండేది ఫుగు అనే విషపు చేపలో ఉండే విషమే, టెట్రోడోటాక్సిన్. తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కో. మూతకి తాళం వేయి, బుడ్డోడి చేతికి అందనివ్వకు.

ఆదివారం రెండిటినీ పైనుంచి ఫొటో తీసి పంపు. పొట్ట తలకంటే సన్నగా ఉన్నా, తుంటి ఎముకలు తేలినా వానపాము పాఠాలు పక్కనపెట్టి అది తినేదే పెట్టు, ఉభయచరాలను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

మీ పిన్ని