గెజిట్ చూడాలా, పుస్తకం చూడాలా?

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను. దివ్యాంగుల హక్కుల పోరాటాల మీద ప్రాజెక్టు రాసి చూపిస్తే, "అన్నీ సెకండరీ సోర్సులే, ప్రైమరీ ఏవీ?" అని మా మేడం వెనక్కిచ్చేశారు. పాత పేపర్ కటింగ్ ప్రైమరీ కిందికి వస్తుందా? రెండింటికీ పొంతన కుదరకపోతే దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. జరిగిన రోజుల్లోనే, అందులో ఉన్నవాళ్ల చేతుల్లో పుట్టింది ప్రైమరీ: అర్జీ, కరపత్రం, జీవో, కోర్టు తీర్పు, ఫొటో. వాటిని చదివి తర్వాత ఇంకొకరు రాసింది సెకండరీ. ఇంతవరకు గైడ్లలోనూ దొరుకుతుంది. కానీ ఒకే కాగితం మనం అడిగే ప్రశ్నను బట్టి అటూ ఇటూ మారుతుంది. 1995 నాటి పేపర్ కటింగే తీసుకోండి, అప్పట్లో పత్రికలు వికలాంగుల గురించి ఎలా రాసేవో తెలుసుకోవాలంటే అది నిఖార్సైన ప్రైమరీ, ఆ ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఏముందో తెలుసుకోవాలంటే మాత్రం అది విలేకరి చెప్పిన మాటే, చట్టం కాపీ తెరవాల్సిందే.

తెరిస్తే ఒక తమాషా కనిపిస్తుంది. అందరం 1995 చట్టం అంటామా, కాపీ మీద 1996లో 1వ నంబరు చట్టం అని ఉంటుంది. పార్లమెంటు ఆమోదం 1995 డిసెంబరులో, రాష్ట్రపతి ఆమోదం 1996 జనవరి 1న, అమలు అదే ఏడాది ఫిబ్రవరి 7 నుంచి. మూడు పుస్తకాల్లో మూడు తేదీలున్నాయని కంగారు పడకండి, ఏది దేని తేదీయో చూసుకుంటే చాలు.

అలాగని చట్టం ఒక్కటే చదివి ఊరుకుంటే ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ వచ్చేసిందనుకుంటాం. ఆ 3 శాతాన్ని వికలాంగులకు తగినవని గుర్తించిన పోస్టుల్లోనే కాదు, కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని అంధుల జాతీయ సమాఖ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పేసరికి 2013 అక్టోబరు వచ్చింది. నడుమ ఆ ఏళ్లన్నీ ఎలా గడిచాయో చట్టంలో ఉండదు కదా, దానికి తీర్పు కావాలి, సంఘాల ఉత్తరాలు కావాలి, అవన్నీ ముందేసుకుని ఓపిగ్గా రాసిన మంచి పుస్తకమూ కావాలి. మీ మేడం సెకండరీ వద్దని అనలేదు, అదొక్కటే చాలదన్నారు.

ఇంకో సంగతి, ప్రైమరీ అయినంత మాత్రాన వేదవాక్కు కాదు. బ్రిటిష్ కాలపు జనాభా లెక్కల్లో మతిస్థిమితం లేనివాళ్లు, చెవిటి మూగవాళ్లు, అంధులు, కుష్ఠు రోగులు అని లెక్కేసేవాళ్లు. ఇంట్లో కుష్ఠు ఉందని, పెళ్లి కావలసిన పిల్లకు చూపు లేదని లెక్కలు రాసేవాడికి ఎవరు చెబుతారు? ఆ అంకెల్లో జనం ఎంతమందో సరిగ్గా తెలియదు గానీ, సర్కారు వాళ్లను ఏ కళ్లతో చూసిందో తెలుస్తుంది. 1941లో ఆ ప్రశ్నే ఎత్తేశారు, 1981లో మళ్లీ పెట్టి 1991లో తీసేశారు, సంఘాలు పట్టుబడితే 2001లో తిరిగొచ్చింది, 2.19 కోట్ల మంది అని తేలింది.

ఇక ఎక్కడ వెతకాలంటే, మన చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు కిందే ఉండేది, ఆ కాలం కాగితాలకు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. తిరుపతి జిల్లా అయింది 2022లోనే కాబట్టి అంతకు ముందు అర్జీల సంగతి చిత్తూరు కలెక్టరేట్‌లో అడగండి. పాత పేపర్లలో "దివ్యాంగులు" అని వెతికితే ఏమీ దొరకదు, ఆ మాట వాడకంలోకి వచ్చిందే 2015 చివర్లో. "వికలాంగులు" అనీ, ఇంకా పాతవాటిలో, మనసుకు కష్టంగానే ఉంటుంది గానీ, "కుంటి", "గుడ్డి" అనీ వెతకాలి.

ధర్నాల్లో కూర్చున్న పెద్దవాళ్లు మీ చుట్టుపక్కల ఇంకా ఉంటారు, వాళ్లతో ఇంటర్వ్యూ కూడా ప్రైమరీయే. ఇక్కడ నేను బోల్తా పడ్డాను. చిత్తూరులో వినికిడి లేని ఒక పెద్దాయనతో మాట్లాడుతుంటే ఆయన తమ్ముడు నాకు అర్థం చెప్పాడు. అన్న పది నిమిషాలు చేతులు కదిపితే తమ్ముడు "ఏం లేదు సార్, అప్పట్లో బస్సు పాసు కోసం తిరిగాడంట" అని తేల్చేశాడు. ఆ పది నిమిషాల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. నా నోట్సులో మిగిలింది తమ్ముడి మాటే, అంటే సెకండరీయే. మీరు ఒప్పించుకుని ఫోన్‌లో వీడియో తీయండి, సంజ్ఞా భాష బాగా వచ్చిన బయటి మనిషిని తోడు తీసుకెళ్లండి, ఎవరు తర్జుమా చేశారో ప్రాజెక్టులో రాయండి.