సిగరెట్ మానేశాక దగ్గు ఎక్కువైంది, మళ్ళీ రెండు కాల్చమంటున్నారు... కాల్చొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు, ఖమ్మంలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని. 28 ఏళ్ళ నుంచి రోజుకి 15 సిగరెట్ల దాకా కాల్చేవాణ్ణి, లేవగానే ఒకటి పడాల్సిందే. మానేసి 9 రోజులైంది. కాల్చినన్నాళ్ళూ లేని దగ్గు ఇప్పుడు మొదలైంది, కఫం పడుతోంది, పొద్దున మోషన్ అవట్లేదు, నిద్ర లేదు, ఇంట్లో అందరి మీదా అరుస్తున్నా. సడన్‌గా ఆపితే గుండెకి డేంజర్, రోజుకి రెండైనా కాల్చమని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ, ఆ రెండు కూడా కాల్చకండి. గుండెకి డేంజర్ కాల్చడం వల్లే గానీ మానడం వల్ల కాదు. ఆఖరి సిగరెట్ పడేసిన ఒక రోజులోపే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ (పొగలో ఉండే విషవాయువు) మామూలుకి దిగిపోతుంది, ఏడాది గడిచేసరికి గుండెజబ్బు రిస్క్ కాల్చేవాళ్ళతో పోలిస్తే సగానికి వస్తుంది. పైగా రోజుకి రెండు అంటే ఆ రెండిటి కోసం మిగతా రోజంతా ఎదురుచూస్తూ కూర్చోవడమే, నెల తిరిగేలోపు మళ్ళీ 15కి వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశా.

ఇక దగ్గు. మన ఊపిరితిత్తుల గొట్టాల్లో సన్నటి నూగులాంటి వెంట్రుకలు ఉంటాయి, దుమ్మునీ కఫాన్నీ పైకి ఊడ్చేది అవే, ఇన్నేళ్ళ పొగకి అవి పడకేశాయి, ఇప్పుడు లేచి పని మొదలుపెట్టాయి కాబట్టి పేరుకున్నదంతా బయటికొస్తోంది. కొన్ని వారాల్లో తగ్గుతుంది, గోరువెచ్చని నీళ్ళు బాగా తాగండి.

మోషన్ సంగతి అడగడానికి మొహమాటపడతారు గానీ ఓపీలో నేను ఎక్కువగా వినేది ఇదే. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, అది లేక పేగులు కొన్నాళ్ళు మొరాయిస్తాయి. రాత్రి రెండు జామకాయలో బొప్పాయి ముక్కలో తినండి, పొద్దున లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు తాగి ఓ ఇరవై నిమిషాలు నడవండి.

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, మీ టీ. పొగ తాగేవాళ్ళ లివర్ కెఫీన్‌ని తొందరగా ఖర్చు చేసేస్తుంది, మానేశాక అదే టీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, అంటే రెండు కప్పులు తాగినా నాలుగు తాగినట్టు. కాబట్టి సగానికి తగ్గించండి, సాయంత్రం తర్వాత అసలొద్దు. ఎలాగూ టీ బండి దగ్గర నిలబడితే చెయ్యి జేబులోకి పోతుంది కదా. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలుగానీ షుగర్‌కి ఇన్సులిన్‌గానీ వాడుతుంటే మానేసిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి, డోస్ మార్చాల్సి రావచ్చు.

చిరాకు, కోపం మొదటి వారం బాగా ఉండి రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పేయండి. కాల్చాలన్న కోరిక వచ్చినా ఐదు పది నిమిషాలే, ఆ కాసేపూ లేచి నీళ్ళు తాగండి, ఎవరికైనా ఫోన్ చేయండి. అప్పటికీ ఆగకపోతే నికోటిన్ గమ్ ఉంది. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే మెడికల్ షాపులో ఇస్తారు, మీలా లేవగానే కాల్చేవాళ్ళకి 4 అవసరం పడొచ్చు, దానికి డాక్టర్ చీటీ కావాలి. దీన్ని బబుల్‌గమ్‌లా నమిలి ఆ రసం మింగేసి ఎక్కిళ్ళు, కడుపులో మంట అని వచ్చేవాళ్ళే ఎక్కువ... అలా కాదు, నాలుగైదుసార్లు నమిలి ఘాటు తగలగానే చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టి ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అంతకు పావుగంట ముందు నుంచీ టీ తాగకూడదు. గుండెజబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగే వాడండి. సిగరెట్ బదులు ఖైనీ, గుట్కా మాత్రం మొదలుపెట్టొద్దు. మాట్లాడే మనిషి కావాలనిపిస్తే సిగరెట్ పెట్టె మీదే నంబర్ ఉంటుంది, 1800-112-356, ఫ్రీ.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. కఫంలో రక్తం కనిపించినా, ఛాతీనొప్పి వచ్చినా, ఆయాసం పెరిగినా వెంటనే వెళ్ళండి. అవేవీ లేకున్నా బరువు తగ్గుతున్నా, దగ్గు ఇంకో రెండు వారాలకీ తగ్గకపోయినా ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించుకోండి. 28 ఏళ్ళు కాల్చారు కాబట్టి ఊపిరితిత్తులు ఎంతవరకు పనిచేస్తున్నాయో తెలిపే స్పైరోమెట్రీ కూడా ఓసారి చేయించండి, గొట్టంలోకి గట్టిగా ఊదడమే, సూది గుచ్చేది ఏం ఉండదు.