రాజమహేంద్రవరంలో ఒక్క రోజు ఉంటే పాపికొండలకే వెళ్లాలా?

శ్రావణ మాసంలో ఒక్క రోజు రాజమహేంద్రవరంలో ఉంటామని, పాపికొండల బోటు ప్రయాణం చేస్తే ఊరు చూసినట్టేనా అని మీరు అడిగారు. ఆ ఊళ్లో పెరిగినవాడిగా నా సమాధానం ఒక్కటే: పాపికొండలను శీతాకాలానికి వాయిదా వేసుకుని, గోదావరి మీది బ్యారేజీ చూడడానికి ధవళేశ్వరం వెళ్లండి. ఆ కొండల అందాన్ని నేను కాదనను. కానీ శ్రావణంలో గోదావరికి వరద వస్తే బోట్లు ఆపేస్తారు. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలోని కచ్చులూరు వద్ద జరిగిన బోటు ప్రమాదం తరువాత ఆపి తీరాలి కూడా. పైగా ఎక్కింది మొదలు దిగేదాకా స్పీకర్లలో సినిమా పాటలు హోరెత్తుతుంటే, నది మీద ఉన్నామో పెళ్లి ఊరేగింపులో ఉన్నామో తెలియదు.

ఒక వరదల కాలంలో హైదరాబాదు నుంచి మా బాబాయి కుటుంబం ఇదే ఆశతో వచ్చింది. బోట్లు లేవనగానే బాబాయి ముఖం మాడ్చుకుని, "ఆనకట్ట చూడడానికి ఇంత దూరం రావాలట్రా?" అని సణుగుతూనే ఆటో ఎక్కారు. బ్యారేజీ మీద దిగేసరికి గాలికి పిన్ని కొంగు నిలవలేదు. గేట్ల కింద ఎర్ర నీరు విరుచుకుపడుతుంటే ఆ అదురు రెయిలింగు పట్టుకున్న అరచేతికి తెలుస్తోంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన దుంగ ఒకటి గేటు దగ్గర మునిగి, ఎక్కడో దూరాన తేలింది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని నేను పిల్లలకు చెబుతుండగా బాబాయి అందుకున్నారు. చిన్నతనంలో గోదావరి పాయల మధ్య దీవిలాంటి లంకలో ఉన్న మేనత్త ఇంట్లో ఈ అంకెలనే రేడియోలో వింటూ ధాన్యం బస్తాలు అటక మీదికి చేర్చేవారట. ఆ తరువాత ఆయనను అక్కడి నుంచి కదిలించడం మా తరం కాలేదు.

1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో వచ్చినదే ఇప్పటి బ్యారేజీ. లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉన్న దీని నుంచి బయలుదేరే కాలువలే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల పొలాలను తడుపుతున్నాయి. కోనసీమ కొబ్బరి తోటల ముందు ఫొటోలు దిగేవారు ఆ పచ్చదనానికి నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా వెళ్లిపోవడం నాకు కష్టంగా ఉంటుంది. పక్కనే ఉన్న కాటన్ మ్యూజియానికి వచ్చేవారిలో కూడా చాలామంది బయట విగ్రహంతో సెల్ఫీ తీసుకుని వెనుదిరుగుతారు. మీరు మాత్రం లోపలికి వెళ్లి ఆనకట్ట నమూనాలు చూడండి. అన్నట్టు, వరదల రోజుల్లో పులస చేప పేరుతో అమ్మేదంతా గోదావరిది కాదు. తెలిసినవారు వెంట లేకపోతే కొనకండి.

ఊళ్లోకి తిరిగి వచ్చాక పుష్కర ఘాట్‌కు ఎలాగూ వెళతారు. దీపంతో పాటు దానిని తెచ్చిన ప్లాస్టిక్ కవరును కూడా గోదావరికి సమర్పించే భక్తులు అక్కడ తప్పక కనిపిస్తారు, వారిని దాటుకుని వెళ్లండి. 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలున్న గ్యాలరీని మాత్రం వదులుకోకండి. ఆటోవారు తమంతట తాముగా అక్కడికి తీసుకువెళ్లరు, పేరు చెప్పి అడగాలి. బయలుదేరే ముందు అది ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.