పాఠకుల ప్రశ్నలు: కంపెనీ డబ్బు, యూనివర్సిటీ ల్యాబ్

ప్రశ్న: నేను విశాఖపట్నంలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడ్‌గారికి ఒక మందుల కంపెనీ నుంచి ప్రాజెక్టు వచ్చింది, నా థీసిస్ పని కూడా అందులోనే. కంపెనీవాళ్ల అగ్రిమెంట్‌లో ‘రాతపూర్వక అనుమతి లేకుండా ఫలితాలు ఎక్కడా ప్రచురించరాదు’ అని ఉంది. ‘అదంతా ఫార్మాలిటీయేనమ్మా, సంతకం పెట్టెయ్’ అంటున్నారు సార్. పెట్టేయొచ్చా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు: ఆ వాక్యం అలాగే ఉంటే పెట్టకండి. ఫార్మాలిటీయే అయితే తీసేయడానికి కంపెనీకి ఇబ్బంది ఉండకూడదు కదా, సార్‌నే ఒకసారి అడిగి చూడమనండి.

అచ్చం ఇలాంటి వాక్యమే అమెరికాలో బెట్టీ డాంగ్ అనే పరిశోధకురాలి మెడకు చుట్టుకుంది. ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసేవారు. సింథ్రాయిడ్ అనే థైరాయిడ్ మాత్ర తయారుచేసే కంపెనీ డబ్బిచ్చి, మార్కెట్లో ఉన్న మిగతా మాత్రలు తమదానితో సమానమో కాదో తేల్చమంది. సమానమేనని తేలింది. డబ్బు పెట్టినవాళ్లకి మింగుడుపడలేదు. 1995 జనవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో పేపర్ రావాల్సి ఉండగా కంపెనీ అగ్రిమెంట్ తీసి చూపించింది, కేసు పడితే మేం మీ వెనక నిలబడలేమని యూనివర్సిటీ లాయర్లు చెప్పేశారు, ఆవిడ పేపర్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. గొడవ పత్రికలకెక్కాక, 1997లో గానీ అది అచ్చు కాలేదు. అంత పేరున్న చోట ఉద్యోగం చేస్తున్న ఆవిడ పరిస్థితే అది, మీరింకా ఫెలోషిప్ మీద ఉన్నారు.

అలాగని కంపెనీది పూర్తిగా అన్యాయమని కాదు. మన పేటెంట్ చట్టంలో కొత్తదనం ముఖ్యం. అప్లికేషన్ వేయకముందే మీ పేపరో, కాన్ఫరెన్సు పోస్టరో బయటికి వస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ కొత్తదనం పోయినట్టే, వాళ్లు పెట్టిన డబ్బూ పోయినట్టే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేసేస్తే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు టైముంటుంది, ఈలోగా పేపర్ పంపుకోవచ్చు. కాబట్టి ‘అనుమతి’ అన్న మాట కొట్టించి, ‘డ్రాఫ్టు చూపిస్తాం, 30 లేదా 60 రోజుల్లో అభ్యంతరాలు చెప్పండి, చెప్పకపోతే ప్రచురిస్తాం’ అని రాయించండి. పేటెంట్ వేసుకుంటామంటే ఇంకో రెండు మూడు నెలలు ఆగండి, దానివల్ల నష్టమేం లేదు. వాళ్లు ఇచ్చిన రహస్య డేటాను పేపర్లోంచి తీసేయమంటే తీసేయండి. ఫలితాన్నే తీసేయమంటే మాత్రం ఒప్పుకోవద్దు.

థీసిస్‌కి విడిగా ఒక వాక్యం ఉండాలి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం వైవాకి, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకి, మిగతా అధ్యాపకులూ స్కాలర్లూ వచ్చి కూర్చోవచ్చు, ఆ తర్వాత థీసిస్ దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగకి వెళ్తుంది, అంటే ఎవరైనా చదవొచ్చు. ఫలితాలు చెప్పకూడదంటే వైవాలో ఏం మాట్లాడతారు? కంపెనీ లాయరుకి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీ సార్‌కి తెలుసు. ఇవన్నీ మీరొక్కరే వెళ్లి అడగక్కర్లేదు, అగ్రిమెంట్లు చూసే విభాగం మీ యూనివర్సిటీలో ఉంటే కాగితం అక్కడికి పంపించమనండి. ఆలస్యమవుతుందని సార్ విసుక్కుంటారేమో, విసుక్కోనివ్వండి.

ప్రశ్న: చిత్తూరు జిల్లాలో మాది చిన్న మామిడి గుజ్జు యూనిట్. గుజ్జు నిల్వ గురించి ఒక యూనివర్సిటీతో కలిసి పని చేయిద్దామనుకుంటున్నాం. డబ్బు మేమే పెడుతున్నాం కాబట్టి వచ్చేదంతా మాదేనా?

జవాబు: కాదండీ. డబ్బు పెట్టినంత మాత్రాన హక్కు రాదు, కాగితం మీద రాసుకుంటేనే వస్తుంది. కోవాగ్జిన్ సంగతే చూడండి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), భారత్ బయోటెక్ కంపెనీ కలిసి చేసిన కోవిడ్ టీకా అని దేశమంతటికీ తెలుసు. అయినా పేటెంట్ అప్లికేషన్లో మొదట ఐసీఎంఆర్ పేరు లేదు. 2024లో గొడవయ్యాక పొరపాటున జరిగిందని చెప్పి సహ యజమానిగా చేర్చారు. అంత పెద్దవాళ్ల దగ్గరే ఇలా జరిగింది.

ముందు మీకు కావాల్సింది పరిశోధనా, పరీక్షా తేల్చుకోండి. శాంపిల్ పరీక్షించి రిపోర్టు ఇస్తే చాలనుకుంటే ఫీజు కట్టి చేయించుకోండి, పేటెంట్ మాటే రాదు. కొత్త పద్ధతే కావాలనుకుంటే, మొత్తం హక్కులన్నీ మావే అని పట్టుబట్టకుండా, మామిడి గుజ్జు వరకు మీ ఒక్కరికే లైసెన్సు ఇన్నేళ్లపాటు అని అడగండి. యూనివర్సిటీలు దీనికి తొందరగా ఒప్పుకుంటాయి, మీకూ చవక. కోతల సీజన్, వాళ్ల పరీక్షల సీజన్ దాదాపు ఒకేసారి వస్తాయి, ఆ నెలల్లో ల్యాబ్‌లో పిల్లలుండరు. తేదీలు దాన్నిబట్టి రాసుకోండి. జీఎస్టీ గురించి మీ ఆడిటర్‌ని ఇప్పుడే అడగండి. పరిశోధన గ్రాంట్లకి కొన్ని సంస్థల విషయంలో 2024 అక్టోబరు నుంచి మినహాయింపు ఉంది, ఫీజు తీసుకుని చేసే పరీక్షలు, కన్సల్టెన్సీ లెక్క వేరు.

ప్రశ్న: కంపెనీలూ యూనివర్సిటీలూ కలిసి పనిచేస్తామంటూ ఎంఓయూలు (అవగాహన ఒప్పందాలు), శాలువాలు, ఫొటోలు తప్ప వీటివల్ల మన దగ్గర పనికొచ్చేది ఒక్కటైనా బయటికొచ్చిందా?

జవాబు: మీ కోపం అర్థమైంది. చాలా ఎంఓయూల్లో ఎవరు ఎంత డబ్బు పెడతారో, ఏం చేస్తారో ఉండనే ఉండదు, ఫొటో తీసుకోవడానికే రాసినట్టుంటాయి. కానీ రోటావాక్ ఉంది. పిల్లల్లో తీవ్రమైన విరేచనాలు కలిగించే రోటా వైరస్‌కి టీకా అది. దానికి మూలమైన 116ఈ రకం వైరస్‌ను ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల్లో పుట్టిన పసిపిల్లల దగ్గర మహారాజ్ కిషన్ భాన్ బృందం గుర్తించింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా సంస్థలు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, గేట్స్ ఫౌండేషన్ లాంటివన్నీ చేయి వేస్తే, హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది, డోసు ఒక డాలరుకే ఇస్తామని ముందే మాటిచ్చింది. విడుదలైంది 2015లో. మరుసటి ఏడాది ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో రోటా టీకా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.