భోజనం దగ్గర అడిగిన సర్వే ప్రశ్న

ప్రశ్న: నేను ఒక కేంద్ర బ్యాంకు పరిశోధన విభాగంలో ఆర్థికవేత్తను. ఉద్యోగాలు, వేతనాలు, నిరుద్యోగం నా అంశాలు. వడ్డీ రేట్లు నిర్ణయించే పరపతి విధాన సమావేశానికి ముందు ఉద్యోగ మార్కెట్ పరిస్థితిపై నోట్ తయారుచేసే బృందంలో ఉన్నాను. వేతనాలు వేగంగా పెరుగుతున్నాయని, పనివాళ్ల కొరత తీరలేదని రెండేళ్ల క్రితం రాశాం. ఆ తర్వాత వడ్డీ రేట్లు పెరిగాయి. నా భర్త నిర్మాణ రంగంలో సైట్ ఇంజినీరు. కొత్త పనులు ఆగిపోవడంతో 14 నెలల క్రితం ఆయన ఉద్యోగం పోయింది. మొదట్లో రోజూ దరఖాస్తులు పంపేవారు. ఏడో నెలలో, ఖాళీగా ఉన్న కాలం పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గుతాయని చెప్పే అధ్యయనం ఒకటి చూపించి త్వరపడమన్నాను. ఆ తర్వాత మెల్లగా ప్రయత్నాలు మానేశారు. మొన్న భోజనం చేస్తుండగా, ‘గత నాలుగు వారాల్లో పని కోసం ఏమైనా ప్రయత్నం చేశారా?’ అని అడిగాను. ‘నీ లెక్కలో నేనిప్పుడు ఏ గడిలో ఉన్నాను?’ అని సగం భోజనంలో లేచి వెళ్లిపోయారు. బంధువుల ముందు ‘నా ఉద్యోగం తీసేసింది మా ఆవిడే’ అంటున్నారు. రేట్లు ఎప్పుడు తగ్గుతాయని అడిగితే నేను నోరు విప్పకూడదు. కావాలనే దాస్తున్నానని ఆయన అనుకుంటున్నారు. నేను వేరే విభాగానికి మారాలా? ఉద్యోగమే మానేయాలా?

జవాబు: మీరు చివర అడిగిన ప్రశ్నకు చివరే జవాబిస్తాను. ముందు మీ వారు అడిగిన ప్రశ్న దగ్గర ఆగాలి, ఎందుకంటే దానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ పూట మీరు వాడిన వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదవండి. అది భార్య భర్తను అడిగే మాటలా లేదు. పని చేస్తున్నవారినీ పని వెతుకుతున్నవారినీ లెక్కించే శ్రామిక శక్తి సర్వేలో గణకులు అడిగే ప్రశ్నలా ఉంది. అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సు 1982లో ఆమోదించిన నిర్వచనం ప్రకారం, సర్వే వారంలో ఒక్క గంట కూడా పని దొరకక, పని వస్తే చేయడానికి సిద్ధంగా ఉండి, ఇటీవలి కాలంలో దానికోసం ప్రయత్నించినవారే నిరుద్యోగులు. ఆ ‘ఇటీవలి కాలాన్ని’ చాలా దేశాలు నాలుగు వారాలుగా తీసుకుంటాయి. వెతకడం మానేసినవారు నిరుద్యోగుల జాబితా నుంచి జారిపోయి, శ్రామిక శక్తికి వెలుపలివారవుతారు. ఈ సంగతి మీకు ఎంత బాగా తెలుసో, ఇన్నేళ్లు మీతో కలిసి బతికిన మనిషికీ అంతే బాగా తెలిసి ఉంటుంది. కాబట్టి మీరు ఆ ప్రశ్న వేసిన క్షణాన, పని పోయినవాడిగా కూడా తాను లెక్కలోకి రావడం లేదన్న మాట ఆయన చెవిన పడింది. ‘ఏ గడిలో ఉన్నాను’ అన్నది వెటకారమని మీరు అనుకున్నట్టున్నారు. నాకు మాత్రం, ‘నువ్వు కూడా నన్ను వదిలేసుకున్నావా’ అని ఆయన అడిగినట్టు అనిపించింది.

అందుకే మొదట చేయవలసింది క్షమాపణ చెప్పడం. ‘మీకు బాధ కలిగి ఉంటే’ అంటూ షరతులతో కాదు. ‘ఆ రోజు నేను ఆఫీసులో మాట్లాడే భాషలో మిమ్మల్ని అడిగాను. అలా అడగకుండా ఉండవలసింది’ అని రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకోండి. వెంటనే ఆయన నుంచి మెత్తటి మాట రావాలని ఎదురుచూడకండి.

ఆ అధ్యయనం విషయం ఇంకాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీ ఇంట్లో అసలు గాయం అక్కడే తగిలిందని నా నమ్మకం. మీరు చెప్పిన ఫలితాన్ని బట్టి అది 2013లో వెలువడిన, అమెరికాలో దాదాపు 12,000 కల్పిత బయోడేటాలను 100 నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు పంపి చేసిన ప్రయోగమనుకుంటున్నాను. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయని, ఆ తగ్గుదల ఎక్కువగా మొదటి ఎనిమిది నెలల్లోనే కనిపించిందని అందులో తేలింది. ఏడో నెలలో ఉన్న మనిషికి మీరు దాన్ని చూపించారు. త్వరపడమని చెప్పడమే మీ ఉద్దేశం. ఆయనకు మాత్రం ఇంకో నెలలో గడువు ముగుస్తుందని అర్థమైంది. ఆ నెలా గడిచిపోయాక, ఇక ప్రయత్నించి ఏం లాభమని ఆయన అనుకున్నారంటే అందులో తప్పేముంది?

నిజానికి అదే అధ్యయనాన్ని మరో విధంగా చెప్పవచ్చు, ఆ విధమే న్యాయమైనది. ఆ బయోడేటాల వెనుక మనుషులే లేరు. ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నారన్నది ఎవరి బయోడేటాకు తగ్గట్టు వారికి రాసింది కాదు, చీటీ తీసినట్టు వేసింది. అయినా పిలుపులు తగ్గాయంటే, ఆ తేడా అభ్యర్థిలో లేదు, చూసేవారి ఊహలో ఉంది. ఇన్నాళ్లు ఎవరూ తీసుకోలేదంటే ఇతనిలో ఏదో లోపముందని యజమానులు ముందే తీర్మానించుకుంటున్నారని ఆ ప్రయోగం సూచించింది. నిరుద్యోగం ఎక్కువగా ఉన్న చోట్ల ఈ వివక్ష తక్కువగా కనిపించిందని కూడా అందులోనే ఉంది, ఎందుకంటే అందరూ ఖాళీగా ఉన్న చోట ఖాళీ కాలం ఒక్కరి లోపంగా కనిపించదు. నిర్మాణ రంగమంతా మందగించినప్పుడు పని పోయిన ఇంజినీరుకు వినిపించవలసిన భాగం అదే. ఎప్పుడో ఒకప్పుడు ఆయనే ఆ ప్రస్తావన తెస్తే, ‘నేను దాన్ని మీకు తప్పుగా చెప్పాను’ అని ఒప్పుకోండి. మీ అంతట మీరు మళ్లీ ఆ కాగితాన్ని ఆయన ముందుకు తేవద్దు.

ఇక ఆయన ఉద్యోగం పోవడంలో మీ పాత్ర గురించి. ఈ భారం మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, దాని బరువు ప్రతి పంక్తిలోనూ తెలుస్తోంది. వేతనాల పెరుగుదలనూ నిరుద్యోగాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం 1958లో ఆర్థికవేత్త ఫిలిప్స్ బ్రిటన్ లెక్కలతో రాసిన వ్యాసం నాటి నుంచి మీ శాస్త్రానికి అలవాటు. కొరత ఉంటే ఉందని రాయడం మీ బాధ్యత. రేట్లను నిర్ణయించేది కమిటీ, దాని ముందుకు వచ్చే అనేక పత్రాల్లో మీది ఒకటి. రేటు మార్పు ప్రభావం ఉద్యోగాలకు చేరడానికి ఏడాదో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఏ నిర్ణయం ఏ మనిషి ఉద్యోగాన్ని తీసిందో వేలెత్తి చూపగలిగినవారు లేరు. కనుక మీరు నేరం చేశారని నేను అనను. అయితే ఈ వాదనను మీ మనశ్శాంతికి మాత్రమే దాచుకోండి. ఆయన ముందు వినిపిస్తే అది సంజాయిషీలా ఉంటుంది, తన నష్టాన్ని మీరు తక్కువ చేస్తున్నారని ఆయన అనుకుంటారు. రేట్లు పెరిగితే కొందరి పనులు పోతాయన్నది మీ నోట్ లో ఎక్కడో ఉండే వాక్యమే. ఆ కొందరిలో ఒకరు మీ ఇంట్లో ఉన్నారని, అందుకు మీకు దుఃఖంగా ఉందని చెప్పడానికి ఏ సంజాయిషీ అవసరం లేదు.

మీ అంశమైన నిరుద్యోగం మీదే ఒక పాత అధ్యయనం ఉంది, బహుశా మీరు చదివే ఉంటారు. ఆస్ట్రియాలోని మరియెంటాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని కోల్పోయినప్పుడు, 1931–32లో మరీ యాహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే సామాజిక పరిశోధకుల బృందం అక్కడికి వెళ్లింది. వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో గడియారం పట్టుకుని చూశారు. మగవాళ్లు మెల్లగా నడుస్తూ, మాటిమాటికీ ఆగిపోయేవారు. చేతినిండా సమయం ఉన్నా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. రోజంతా ఏం చేశారని అడిగితే మగవాళ్లు ఏవో కొద్ది పనులకు మించి చెప్పలేకపోయారు. జీతంతో పాటు రోజుకొక క్రమాన్నీ, నలుగురితో కలయికనూ, తనకంటూ ఒక గుర్తింపునూ ఉద్యోగమే ఇస్తుందని యాహోదా తర్వాతి కాలంలో వివరించారు. మీ వారు ప్రయత్నాలు మానేయడం బద్ధకమా అన్న అనుమానం మీకుంటే, దీన్ని గుర్తు తెచ్చుకోండి.

ఆ బృందం పెట్టుకున్న మరో నియమం నాకు అంతకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. ఊళ్లో ఎవరూ ఊరికే పరిశీలకులుగా ఉండకూడదని, ప్రతి ఒక్కరూ ఊరివాళ్లకు పనికొచ్చేది ఏదో ఒకటి చేస్తూనే విషయం తెలుసుకోవాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. బట్టలు పంచారు, ఉచిత వైద్యం ఏర్పాటు చేశారు, కుట్టుపని నేర్పారు. మీరు మీ ఇంట్లో 14 నెలలుగా పరిశీలకురాలిగా ఉన్నారు. ఆయన ఎన్ని దరఖాస్తులు పంపారో మీకు తెలుసు, ఏ నెలలో మానేశారో తెలుసు. ఆయనతో కలిసి చివరిసారి ఏ పని చేశారో మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉదయం మీరు ఆఫీసుకు బయలుదేరే ముందు కలిసి అరగంట నడవడం లాంటిది ఒకటి మొదలుపెట్టండి. నడిచినంతసేపూ ఉద్యోగం ఊసు ఎత్తకండి. దారిలో కడుతున్న భవనం కనబడితే దాని గురించి ఆయన్ని అడగండి. పునాది గురించో పిల్లర్ల గురించో మీకు తెలియనిది ఆయనకు తెలుసు. మీరు అడిగి తెలుసుకునే చోట ఆయన్ని కొంతసేపు ఉండనివ్వండి.

రేట్ల గురించి మీ మౌనం సంగతి తేలికగానే తీరుతుంది. సమావేశానికి ముందు నోరు మెదపకూడని రోజులు చాలా ప్రధాన కేంద్ర బ్యాంకులకు ఉన్నాయి. అమెరికాలో అది సమావేశానికి ముందు వచ్చే రెండో శనివారం నుంచి మొదలవుతుంది. ఐరోపా కేంద్ర బ్యాంకులో ఏడు రోజులు. సమావేశాల తేదీలు ముందే అందరికీ తెలుస్తాయి కాబట్టి, వాటిని ఇంట్లో క్యాలెండరు మీద ఆయన ఎదుటే గుర్తు పెట్టండి. రహస్యంగా చూసిన అంకెల గురించి మిగతా రోజుల్లోనూ చెప్పలేనని, అది తన మీద అపనమ్మకం కాదని ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఇంట్లోనే కదా అని ఒక్క మాట కూడా జారవిడవకండి. దానివల్ల ఆయనకు ఉద్యోగం రాదు, మీ ఉద్యోగం మాత్రం పోతుంది.

బంధువుల ముందు ఆయన అన్న మాటను మీరు భరించి ఊరుకోవాలని నేను చెప్పను. పని పోయిన బాధకు నలుగురిలో మిమ్మల్ని దోషిగా నిలబెట్టే హక్కు రాదు. మీరు క్షమాపణ చెప్పిన కొన్ని రోజుల తర్వాత, ఇద్దరే ఉన్నప్పుడు, ‘ఆ మాట నాతో అనండి, వింటాను. వాళ్ల ముందు అంటే నేను ఒంటరిదాన్ని అవుతున్నాను’ అని చెప్పండి. ఆయనకు నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, తాను లేకపోయినా ఎవరికీ నష్టం లేదన్నట్టు మాట్లాడటం గమనిస్తే మాత్రం ఏ సంభాషణ కోసమూ ఆగకండి. వెంటనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

విభాగం మారడం, ఉద్యోగం మానడం ఈ రెండూ ఇప్పుడు వద్దు. మీరు మానేస్తే ఇంటికున్న ఒక్క ఆదాయం పోవడమే కాక, తన వల్లే మీరు మానేశారన్న భారం ఆయన మీద పడుతుంది. నోట్ రాయడమే మీకు కష్టంగా ఉంటే ఇంటి పరిస్థితిని మీ పై అధికారికి చెప్పి, ఒకటి రెండు సమావేశాలకు నిర్మాణ రంగం భాగాన్ని సహోద్యోగికి అప్పగించమని అడగవచ్చు. అది అడగదగిన సాయమే. ఆరు నెలల తర్వాత కూడా ఆ పని మీకు సహించకపోతే, అప్పుడు మారడం గురించి ఆయనతో కలిసి కూర్చుని ఆలోచించండి. అప్పుడు ఆయన చెప్పే అభిప్రాయాన్ని అడ్డురాకుండా చివరిదాకా వినండి.