యాప్‌లో కనిపించే 1,500, మీ చేతికొచ్చే 1,000

ప్రశ్న: హనుమకొండలో మా నాన్నగారు కట్టిన 12 గదుల లాడ్జిని నేను నడుపుతున్నాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. ఏడాది కిందట ఒక ట్రావెల్ యాప్‌లో చేరాను. బుకింగులు పెరిగాయి కాని బ్యాంకులో డబ్బు ఆ మేరకు పెరగలేదు. గది అద్దె 1,500. ఒప్పందం ప్రకారం కమీషన్ 22 శాతం. యాప్ వాళ్ళు చెప్పారని 10 శాతం తగ్గింపు కూడా ఇస్తున్నాను. నెలలో నాలుగు రోజులు గదులన్నీ నిండుతున్నాయి. పై అంతస్తుకు స్లాబు వేసి ఉంది. అక్కడ ఇంకో ఆరు గదులు పూర్తి చేయడానికి అయిదేళ్ళకు, 11 శాతం వడ్డీతో 12 లక్షల అప్పు తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. యాప్ మిమ్మల్ని మోసం చేస్తోందని ఈ మాట అనడం లేదు. అది ఎక్కడ సంపాదిస్తుందో చూడకుండా వాయిదా లెక్క వేసుకుంటే నాన్నగారు అప్పు లేకుండా అప్పగించిన లాడ్జి మీద బరువు పడుతుంది. నా భయమంతా అదే.

ఈ యాప్‌లు విమాన టికెట్లతో పేరు తెచ్చుకున్నాయి. విమాన సంస్థలు మాత్రం కమీషన్లను చాలా ఏళ్ళ కిందటే బాగా తగ్గించేశాయి. టికెట్ మీద యాప్‌కు మిగిలేది ఎక్కువగా ప్రయాణికుడు కట్టే కన్వీనియెన్స్ ఫీజు, టికెట్‌తో పాటు అమ్మే బీమా వంటివే. రైలు టికెట్ మీద ఇంకా తక్కువ. మంచి లాభం హోటల్ గదిలోనే ఉంది, అంటే మీ గదిలో. జాబితాలో మీ లాడ్జి పేరు పైన కనిపించడానికి ప్రకటన సొమ్ము అడిగితే అది వాళ్ళకు ఇంకో ఆదాయం.

ఇప్పుడు మీ 1,500 సంగతి చూద్దాం. తగ్గింపు పోతే 1,350. ‘యాప్ ఆఫర్’ అని తెర మీద రాసి ఉన్నా ఆ 150 మీ జేబులోదే. 1,350 మీద 22 శాతం అంటే 297 కమీషన్. దాని మీద 18 శాతం జీఎస్టీ, 53 రూపాయల 46 పైసలు. ఇక్కడే చాలామంది లాడ్జి యజమానులు పొరబడతారు. కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన పన్నులో మినహాయింపుగా, తిరిగి వస్తుందనుకుంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల లోపు గదులకు పన్ను 5 శాతమే అయినా, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కాబట్టి ఆ 53 రూపాయలు అచ్చంగా ఖర్చే. ఇంకా జీఎస్టీ కింద 0.5 శాతం టీసీఎస్, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ అని ముందుగానే 8 రూపాయల 10 పైసలు పట్టుకుంటారు. అవి మీ ఖాతాలో జమ అవుతాయి, రిటర్నుల్లో వాడుకోవచ్చు. వాటిని పక్కన పెడితే చేతికొచ్చేది 1,000 రూపాయలు. ఉతుకు, సబ్బులు, కరెంటు కలిపి గదికి 250 అనుకుంటే నికరంగా 750. అదే అతిథి నేరుగా మీ కౌంటర్‌కు వచ్చి ఉంటే 1,250 మిగిలేది.

అలాగని 750ని చిన్నచూపు చూడకండి. ఏనుమాముల మార్కెట్లో ధర లేకపోతే రైతు మిర్చి బస్తాను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. మీ గదిలో ఖాళీగా గడిచిన మంగళవారం రాత్రిని ఎక్కడా దాచలేం. ఆ రాత్రికి యాప్ పంపిన మనిషి బంగారమే. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ 2006లో మిత్రులతో కలిసి మొదలుపెట్టిన రెడ్‌బస్ కూడా ఇలాగే బస్సుల్లో మిగిలిపోయే సీట్లను అమ్మి పెట్టింది.

అందుకని మీరు చూసుకోవలసింది యాప్ లేకపోతే ఆ అతిథి మీ దగ్గరికి వచ్చేవాడా కాదా అన్నది. రామప్ప, లక్నవరం చూద్దామని హైదరాబాద్ నుంచి బయలుదేరిన కుటుంబానికి మీ లాడ్జి పేరు తెలియదు. వాళ్ళను పంపినందుకు కమీషన్ ఇవ్వడం న్యాయం. ఎంజీఎంలో ఉన్న రోగి బంధువులు, పెళ్ళివారు, మిర్చి సీజన్ వ్యాపారులు, రెండేళ్ళకోసారి మేడారం జాతరకు వెళ్ళేవారు ఎలాగూ మీ మెట్లెక్కుతారు. ముహూర్తాల రోజుల్లో, జాతర రోజుల్లో యాప్‌లో తగ్గింపు తీసేయండి, గదులు కొన్నే చూపించండి. ఒప్పందంలో అడ్డు చెప్పే నిబంధన ఏదైనా ఉందేమో ముందు చదవండి. బయట ఇంతకన్నా తక్కువ ధరకు ఇవ్వకూడదు, మాకు చూపని గదులను వేరే యాప్‌లో అమ్మకూడదు అనే షరతుల విషయంలో, మార్కెట్లో పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరులో ట్రావెల్ యాప్‌లు మేక్‌మైట్రిప్–గోఐబిబోకు 223.48 కోట్ల జరిమానా వేసింది, ఆ షరతులను సవరించాలని ఆదేశించింది. మీ కాగితంలో అలాంటి వాక్యం కనిపిస్తే అడగడానికి వెనకాడకండి.

ఇక అప్పు. వాయిదా నెలకు సుమారు 26,100. కొత్త ఆరు గదులకు పని పడేది పాత పన్నెండు నిండిన రోజునే. అలాంటివి నెలకు నాలుగు రోజులు. ఆరు గదులూ ఆ నాలుగు రోజులు నిండినా 24 రాత్రులు. అవన్నీ యాప్ ద్వారా వస్తే 18,000. వాయిదాకే చాలదు. అన్నీ నేరుగా వస్తే 30,000. వాయిదా పోగా 3,900, అందులోంచే అదనపు పనిమనిషి జీతం. అదీ ప్రతి నెలా ఆరు గదులూ నిండితేనే.

వచ్చే ఆరు నెలలు రిజిస్టర్‌లో ఒక గడి పెంచండి: అతిథి ఎలా వచ్చాడు, గదులు లేక ఎంతమందిని తిప్పి పంపారు. తిప్పి పంపినవారి సంఖ్య నెలకు 35 దాటుతూ, అందులో ఎక్కువమంది నేరుగా వచ్చినవారైతే మళ్ళీ రాయండి. అప్పు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ నెలే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. అతిథి ముందే యాప్‌లో చెల్లిస్తే వాళ్ళు కమీషన్ మినహాయించుకొని కొన్ని రోజులకు మీకు పంపుతారు. లాడ్జిలో చెల్లిస్తే మొత్తం మీ గల్లాపెట్టెలో పడుతుంది, కమీషన్ బిల్లు తరువాత వస్తుంది. ఆ సొమ్ము ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. అలా వచ్చిన ప్రతి 1,350లో కమీషన్, దాని జీఎస్టీ కింద 351 రూపాయలు అదే రోజు వేరే ఖాతాలో వేయండి.